నాలుగు చక్రాల ఇంట్లో మూడు రాత్రులు

మన పత్రికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు రెండేళ్లుగా అడుగుతున్నారు. బ్యాంకులో పనిచేసేవాడికి లెడ్జర్లు, సర్క్యులర్లు తప్ప వేరే రాతలు ఏం తెలుస్తాయని తప్పించుకుంటూ వచ్చాను. బి.కాం. చదివిన నాటి నుంచి నేను రాసినవన్నీ ఎడమవైపూ కుడివైపూ సరిపోవలసిన రాతలే. ఇదీ ఒక లెక్కే అనుకోండి. ఎన్నో ఏళ్లుగా మా అమ్మాయి పేరున రాసుకున్న బాకీ ఒకటి నిజానికి నా ఖాతాలోదేనని పరాయి దేశంలో తెలిసివచ్చింది. ఆ సంగతి చెబుతాను.

2024 ఏప్రిల్ చివర నేనూ మా ఆవిడా ఇంగ్లండు వెళ్లాం. మా అమ్మాయి, అల్లుడు అక్కడ స్విండన్ అనే ఊళ్లో ఉంటారు. మనవరాలికి అయిదేళ్లు. ఇద్దరికీ ఉద్యోగాలు కాబట్టి మాకు ఊళ్లు చూపించడమంతా శనివారాల్లోనే. ఒక శనివారం రైల్లో బాత్ నగరం వెళ్లాం. రోమన్లు కట్టిన స్నానఘట్టాల్లో 46 డిగ్రీల వేడినీళ్లు ఈనాటికీ భూమిలోంచి ఉబికి వస్తూనే ఉన్నాయి. ఆ ఊళ్లోనే 1774 నాటికి కట్టి పూర్తిచేసిన ముప్పై ఇళ్ల వరస ఒకటి అర్ధచంద్రాకారంలో ఉంది. ఒకే తేనెరంగు రాయి, ఒకే ఎత్తు. ఇంకో శనివారం బ్రిస్టల్ వెళ్లాం. రాజా రామమోహన్ రాయ్ 1833 సెప్టెంబర్ 27న అక్కడే కన్నుమూశాడు. ఆర్నోస్ వేల్ శ్మశానంలో మన దేశపు ఛత్రి ఆకారంలో కట్టిన ఆయన సమాధి ముందు నిలబడి దండం పెట్టుకున్నాం.

అన్నీ బాగానే చూశాం. అయినా మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. మనవరాలికి తెలుగు రాదు. తాత, అమ్మమ్మ, నీళ్లు, వద్దు. ఈ నాలుగు మాటలతోనే మాకూ దానికీ కాలక్షేపం. మిగతాదంతా ఇంగ్లీషు. మా ఆవిడకు ఆ ఇంగ్లీషు అందదు. అమ్మమ్మా మనవరాలూ ఒకే సోఫాలో కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవారు. తప్పంతా మా అమ్మాయిదేనని నేను లోలోపల రాసేసుకున్నాను. పైకి మాత్రం అనలేదు. ఎవరి గది వారికుంది, ఎవరి ఫోను వారికుంది. అలాంటి ఇంట్లో చెప్పని మాటలు ఎన్ని రోజులైనా దాచుకోవచ్చు.

మే చివరి సోమవారం అక్కడ బ్యాంక్ హాలిడే. మనకు బ్యాంకు సెలవంటే బ్యాంకువాళ్లకే. అక్కడ అది దాదాపు దేశమంతటికీ సెలవు. ఆ చట్టం 1871లో వచ్చింది. తెచ్చిన పార్లమెంటు సభ్యుడు సర్ జాన్ లబక్ స్వయంగా బ్యాంకరు. మన వృత్తివాడు ఒకడు దేశానికి సెలవు ఇప్పించాడని విని నాకు కొంచెం గర్వం కలిగింది. ఆ మూడు రోజులకు అల్లుడు ఒక మోటర్ హోమ్ అద్దెకు తీసుకున్నాడు. "మామయ్యా, ఈసారి హోటల్ వద్దు, ఇల్లునే వెంట తీసుకుపోదాం" అన్నాడు.

మోటర్ హోమ్ అంటే డీజిలు వ్యాను మీద కట్టిన ఇల్లు. డ్రైవరు తల మీద ఒక మంచం, వెనక ఒక మంచం. మధ్యలో బల్ల ఉంటుంది. బల్ల దించి మెత్తలు పరిస్తే అదీ మంచమే. రెండు బర్నర్ల గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, బీరువాంత స్నానాలగది. నూరు లీటర్ల మంచినీళ్ల ట్యాంకు ఒకటి, వాడిన నీళ్లు పట్టే ట్యాంకు ఇంకొకటి. దొడ్డిగది కింద పెట్టెలాంటిది ఉంటుంది. దాన్ని బయటికి లాగి, క్యాంప్ సైట్‌లో అందుకోసం కేటాయించిన చోట ఖాళీ చేయాలి. ఆ పని మూడు రోజులూ అల్లుడే చేశాడు. మేము అటువైపు చూడలేదు. మొత్తం బండి బరువు 3,500 కిలోలు దాటదు కాబట్టి కారు లైసెన్సు సరిపోతుందట. ఎత్తు మాత్రం మూడు మీటర్లు. ఆ అంకె కాగితం మీద రాసి స్టీరింగు ఎదుట అంటించారు. చాలా కారు పార్కుల గుమ్మాల దగ్గర రెండు మీటర్ల ఎత్తున అడ్డకమ్మీ ఉంటుంది. అందుకని బండిని ఊరి బయట నిలిపి నగరంలోకి బస్సులో వెళ్లాలి. అద్దెకిచ్చిన ఆయన ఇదంతా గంటసేపు వివరించి సంతకాలు పెట్టించుకుని తాళం ఇచ్చాడు. లాకరు అప్పగించేటప్పుడు మేమూ అంత జాగ్రత్త పడం.

మా ఆవిడ లోపలికి చూసి, "ఇంత చిన్న ఇంట్ల అయిదుగురం ఎట్ల పండుకుంటం?" అంది. కాని ఆ ఇంటికి అసలైన గృహిణి తనేనని సాయంత్రానికే తేలింది. నీళ్లు పొదుపుగా వాడాలని అల్లుడు భయపడుతూ చెప్పాడు. షోలాపూర్‌లో నాలుగు రోజులకోసారి నల్లా వచ్చే ఇంట్లో కాపురం చేసిన మనిషికి నూరు లీటర్లు ఒక లెక్కా! మూడు రోజుల్లో ఆమె చేతి మీదుగా ఒక్క చుక్క వృథా పోలేదు.

శుక్రవారం సాయంత్రం బయలుదేరాం. స్విండన్‌లో మ్యాజిక్ రౌండబౌట్ అనే కూడలి ఉంది. 1972లో కట్టారు. ఒక పెద్ద చుట్టు చుట్టూ అయిదు చిన్న చుట్లు. బయటి బళ్లు ఒక దిక్కు తిరుగుతుంటే లోపలివి ఎదురుదిక్కు తిరుగుతాయి. అల్లుడు ధైర్యంగా దూరాడు. సొరుగులకు గడియ వేయడం మేము మరిచాం. రెండో చుట్టులో సొరుగు ఊడి, షోలాపూర్ నుంచి తెచ్చిన షేంగా చట్నీ డబ్బా కింద పడి నేలంతా ఎర్రగా అయింది. మనవరాలు పకపకా నవ్వింది. ఆ వాసన మూడు రోజులూ బండిలోంచి పోలేదు.

పడమటికి వెళ్లే పెద్దదారి మీద గంటసేపు నడిపాక సెవర్న్ నదీముఖం వస్తుంది. దాని మీద 1996లో తెరిచిన వంతెన అయిదు కిలోమీటర్లు ఉంటుంది. 2018 డిసెంబరు నుంచి సుంకం ఎత్తేశారు. వంతెన దాటితే వేల్స్. అక్కడి నుంచి ప్రతి బోర్డు మీదా రెండు భాషలు. ఊరి పేరు రెండు, దవాఖానా రెండు, బడి రెండు. రోడ్డు మీద తెల్లరంగుతో పెద్ద అక్షరాల్లో 'ఆరవ్' అని రాసి, దాని పక్కనో కిందో ఇంగ్లీషులో 'స్లో' అని రాస్తారు. మనవరాలికి అప్పుడప్పుడే చదవడం వస్తోంది. ఇంగ్లీషు పద్ధతిలో 'అరఫ్' అని చదివింది. వాళ్ల భాషలో ఆ చివరి అక్షరాన్ని 'వ' అని పలకాలని అల్లుడు చెప్పాడు. ఇక రోడ్డు మీద ఆ మాట కనబడ్డప్పుడల్లా "ఆరవ్! ఆరవ్!" అని అరవడమే దాని పని. ఇళ్లున్న వీధుల్లో వేగం మామూలుగా గంటకు 20 మైళ్లే. 2023 సెప్టెంబరులో తెచ్చిన నిబంధన అది.

శనివారం బండిని కార్డిఫ్ శివారులోని క్యాంప్ సైట్‌లో ఉంచి బస్సెక్కాం. కార్డిఫ్ వేల్స్‌కు రాజధాని అయింది 1955లోనే. నగరం నడిబొడ్డున కోట ఉంది. అడుగున రోమన్ల గోడ, మధ్యలో దిబ్బ మీద నార్మన్ల బురుజు. ఒక పక్క మహల్లో పందొమ్మిదో శతాబ్దంలో బ్యూట్ ప్రభువు విలియం బర్జెస్ అనే వాస్తుశిల్పి చేత చేయించిన గదులున్నాయి. బంగారు పూత, చెక్కడాలు కన్ను తిప్పుకోనివ్వవు. ఆ డబ్బంతా ఎక్కడిదంటే బొగ్గు, రేవు. రేవు దగ్గరి పాత బొగ్గు మార్కెట్ భవనంలోనే మొట్టమొదటి పది లక్షల పౌండ్ల చెక్కు రాశారని చెప్పుకుంటారు. నేను ఆ భవనం ముందు కాస్త ఎక్కువసేపే నిలబడ్డాను. ఆ రేవు పేటలో సోమాలీలు, యెమెనీలు, ఇంకా ఎందరో ఓడ కూలీలు తరతరాలుగా స్థిరపడ్డారు. పనికోసం వచ్చి ఉండిపోయినవాళ్లంటే మనకు చుట్టాల్లాగే అనిపిస్తుంది. అక్కడే తెల్లటి చెక్క చర్చి ఒకటుంది. నార్వే నావికులది. కార్డిఫ్‌లో పుట్టిన రోల్డ్ డాల్‌కు అందులోనే నామకరణ సంస్కారం జరిగింది. మనవరాలు పడుకునే ముందు వినే కథలు ఆయనవే.

డబ్బు తీయడానికి ఏటీఎం దగ్గరికి వెళ్తే అందులోనూ రెండు భాషలు! షోలాపూర్‌లో మా ఏటీఎంలు ఇంగ్లీషు, హిందీ, మరాఠీ అడుగుతాయి. తెలుగు ఎందుకు లేదని ఇన్నేళ్లలో నేనే ఒక్కసారీ అడగలేదని అప్పుడు తట్టింది.

ఆదివారం సెయింట్ ఫాగన్స్ చూశాం. కార్డిఫ్ పక్కనే ఉన్న జాతీయ చరిత్ర మ్యూజియం అది. 1948లో మొదలైంది. ప్రవేశం ఉచితం. వేల్స్ నలుమూలల నుంచి పాత ఇళ్లను రాయి రాయీ విప్పి తెచ్చి మళ్లీ కట్టారు. ఇనుము కార్మికుల ఇళ్లు ఆరు ఒకే వరసలో ఉన్నాయి. మొదటిది 1805లో ఎలా ఉండేదో అలా సర్దారు, చివరిది 1985లోలాగా. ఆరు గుమ్మాలు దాటితే నూట ఎనభై ఏళ్లు గడిచినట్టే. ఇంకొంచెం ముందుకు వెళ్తే 1760లో కట్టిన ఉన్ని నేత మిల్లు ఉంది. అది ఈనాటికీ నడుస్తోంది. తలుపు దగ్గర ఉన్ని వాసన, లోపల మగ్గం చప్పుడు. నా కాళ్లు ఆగిపోయాయి. పడుగు, పేక, నాడె. మా తాత చేతిమగ్గం మీద, మా బాపు మిల్లులో జీవితమంతా చూసినవి ఇవే. మన కుటుంబాలు కరీంనగర్, వరంగల్ వైపు నుంచి షోలాపూర్ వచ్చింది ఈ చప్పుడు వెంటే కదా.

చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒకామె తన పిల్లవాడితో వెల్ష్ మాట్లాడుతోంది. మా అమ్మాయి ఆమెను పలకరించింది. ఆమె చెప్పిందేమిటంటే, వాళ్ల అమ్మమ్మకు ఈ భాష వచ్చు, అమ్మ మాత్రం ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడింది. పిల్లవాణ్ణి వెల్ష్ బడిలో వేశాక తాను కూడా సాయంత్రపు తరగతులకు వెళ్లి ముప్పై ఏళ్ల వయసులో నేర్చుకుందట. తాతను తమ దక్షిణాదివాళ్లు 'తాద్-కీ' అంటారని మా మనవరాలికి చెప్పింది. అది నా వేలు పట్టుకుని "తాద్-కీ, తాత, సేమ్!" అంది.

అక్కడ పాత బడి ఒకటి ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో కొన్ని బళ్లలో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో శిక్షగా చెక్కముక్క వేసేవారట. ఇంకొకడు ఆ మాట మాట్లాడేదాకా దాన్ని మోయాలి. తల్లిదండ్రులు కూడా పిల్లలకు ఇంగ్లీషు వస్తే అన్నం దొరుకుతుందని ఊరుకున్నారు. 1901 జనగణనలో వేల్స్ జనంలో దాదాపు సగం మంది వెల్ష్ మాట్లాడేవారు. 2021 నాటికి అది నూటికి 17.8 మాత్రమే. ఆ మధ్యకాలంలో పోరాటాలు జరిగాయి. 1960లలో, 70లలో ఒట్టి ఇంగ్లీషు బోర్డులకు రంగు పూసి కుర్రాళ్లు జైళ్లకు వెళ్లారు. 1982లో సొంత టీవీ చానల్ వచ్చింది. 1993లోనూ 2011లోనూ చట్టాలు వచ్చాయి. 2050 నాటికి పది లక్షల మంది మాట్లాడాలని అక్కడి ప్రభుత్వం గురి పెట్టుకుంది. ఇంత చేసినా అంకె ఇంకా పైకి రాలేదు. బోర్డు ప్రభుత్వం పెట్టగలదు. పొయ్యి దగ్గరి మాట ఇంట్లోవాళ్లే మాట్లాడాలి.

ఆ సాయంత్రం ఉత్తరానికి వెళ్లి బ్రెకన్ కొండల్లో బండి ఆపాం. ఆ కొండలకు ఇప్పుడు 'బన్నై బ్రహైనియోగ్' అనే వెల్ష్ పేరునే వాడుతున్నారు. క్యాంప్ సైట్‌లో మన వంతు స్థలానికి కరెంటు స్తంభం ఉంటుంది. తీగ తగిలించుకుంటే దీపాలు, హీటరు నడుస్తాయి. హీటరూ కెటిలూ ఒకేసారి పెడితే కరెంటు పోతుంది. మేము అదీ చేశాం. చీకట్లో వాన మొదలైంది. రేకు మీద వాన పడుతుంటే మా పాత ఇల్లు గుర్తొచ్చింది. జొన్నరొట్టెలు తిని, షోలాపూర్ చద్దర్లు కప్పుకుని కూర్చున్నాం. మనవరాలు నిద్రపోయింది.

అప్పుడు నోరు జారాను. "చూడండి, వీళ్లు మెడలో చెక్కలు వేసినా భాష పట్టుకున్నారు. మీరు కన్నబిడ్డకు నాలుగు అక్షరాలు నేర్పలేకపోతున్నారు" అన్నాను.

అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత కోపం లేకుండానే అంది: "నాకు వస్తే కదా నాన్నా నేర్పేది! నా పలక పక్కన పెట్టించింది మీరే."

ఇంట్లో అయితే నేను లేచి వరండాలోకి వెళ్లిపోయేవాణ్ణి. ఆ బండిలో లేచి వెళ్లడానికి చోటు లేదు. మోకాళ్లు మోకాళ్లకు తగులుతున్నాయి. బయట వాన. ఆ మాటను ఎదురుగా కూర్చుని వినవలసి వచ్చింది.

అది 2000 సంవత్సరం. అమ్మాయికి ఏడేళ్లు. మిల్లు పని మానేసిన మా బాపు రోజూ సాయంత్రం దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని పెద్ద బాలశిక్ష తెరిచి పలక మీద దిద్దించేవాడు. నేను చదివింది మరాఠీ బళ్లోనే అయినా నాకు తెలుగు రాయడం వచ్చిందంటే ఆయన చలవే. ఒకరోజు బ్రాంచిలో లెక్క తేలక విసిగి ఇంటికొచ్చాను. చూస్తే అమ్మాయికి యూనిట్ టెస్టులో లెక్కలకు తక్కువ మార్కులు. "బాపూ, ఈ అక్షరాలతోని దానికి కడుపు నిండుతదా? లెక్కలు చేసుకోనీ" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. పలక తుడిచి గూట్లో పెట్టాడు. మళ్లీ తీయలేదు. 2009లో పోయాడు. నేను ఆ సంగతి ఎప్పుడో మరిచాను. అది మరవలేదు. మెడలో చెక్క వేయలేదన్న మాటే గాని నేను చేసిందీ ఆ పనే.

"అవును బిడ్డా, తప్పు నాది" అన్నాను. ఈ మాట అనడానికి నాకు ఇరవై నాలుగేళ్లు పట్టింది. మా ఆవిడ చద్దరు మొహం మీదికి లాక్కుంది. అల్లుడు పాపం అవసరం లేకపోయినా కెటిల్ పెట్టాడు. హీటరు ఇంకా నడుస్తోంది కాబట్టి కరెంటు మళ్లీ పోయింది. చీకట్లో అందరం నవ్వాం.

పొద్దున లేచేసరికి కిటికీ అద్దాలన్నీ మా ఊపిరి ఆవిరితో మసకబారి ఉన్నాయి. మనవరాలు బల్ల మీదికెక్కి వేలితో అద్దం మీద ఇంగ్లీషు అక్షరాల్లో 'ఆరవ్' అని రాసింది. దాని కింద 'స్లో' అని రాసి నా వైపు తిరిగింది. "తాత, మనది?" అంది. మూడో వరస ఖాళీగా ఉంది కాబట్టి అడిగిందంతే. నేను 'మెల్లగా' అని రాశాను. అది ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూస్తోంది. వెనకనుంచి అమ్మాయి వంగి, "నాన్నా, ల కింద ఉన్నది ఏంటి?" అని అడిగింది. లకారానికి వత్తు అని చెప్పాను. ఇద్దరూ పక్కన ఇంకో అద్దం మీద రాసుకున్నారు. ఎండ వచ్చి అన్నీ చెరిగిపోయేదాకా తల్లీ కూతురూ దిద్దుతూనే ఉన్నారు. ఆ రోజు కొండ ఎక్కుదామనుకున్నాం. ఎక్కలేదు. మధ్యాహ్నానికి బండి అప్పజెప్పాలి. దారిలో రోడ్డు మీద 'ఆరవ్' కనబడ్డప్పుడల్లా బండిలో "మెల్లగా! మెల్లగా!" అని కేక.

1865లో నూట యాభై మంది దాకా వెల్ష్ జనం 'మిమోసా' అనే ఓడెక్కి అర్జెంటీనా దేశంలోని పటగోనియాకు వలస వెళ్లారు. వాళ్ల సంతతిలో ఆ భాష ఈనాటికీ వినిపిస్తుందట. మనం వచ్చింది అంత దూరం కాదు. షోలాపూర్, బరంపురం, హోసూరు, యానాం ఎక్కడున్నా మన ఇళ్లలో మాట ఇంకా ఉంది. పోతున్నది అక్షరం. అది పోవడానికి చట్టాలు అక్కర్లేదు. నాలాంటి తండ్రి ఒక్క సాయంత్రం విసుక్కుంటే చాలు. మీ ఇంట్లో గూట్లో పలక ఉంటే దయచేసి కిందికి దించండి. మార్కులు తగ్గవు. మా అమ్మాయికి లెక్కలు తర్వాత వాటంతట అవే వచ్చాయి.

తిరిగి వచ్చాక బాపు బాలశిక్షను, అట్ట ఊడిపోయినా, తెలిసినవాళ్ల చేత స్విండన్ పంపించాను. ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, అక్కడ పొద్దుటిపూట, ఫోన్‌లో పాఠం. విద్యార్థులు ఇద్దరు. చిన్నది గుణింతాల్లో ఉంది. పెద్దది వత్తులు దాటింది. ఆ దసరాకు అమ్మాయి తన చేత్తో మొదటిసారి తెలుగులో ఉత్తరం రాసి ఫోటో పంపింది. నాలుగు వరసలు. అందులో 'నాన్న' అన్న మాటలోనే వత్తు తప్పు. దిద్ది పంపాను. బాపు ఉంటే ఆయనా దిద్దేవాడు.